జబ్బు రాకముందు ఇచ్చే రూపాయి

మా అన్నయ్య ఫోన్ చేశాడంటే రెండే కారణాలు. పొలం సంగతి, లేదంటే పెళ్ళి సంగతి. క్రిందటి నెలలో చేసింది పెళ్ళి సంగతి మాట్లాడటానికి.

"మన పిల్లని మనమే చేసుకుందామనుకుంటున్నాం. నువ్వేమంటావ్?" అన్నాడు.

మన పిల్లంటే మా అక్క కూతురు. చేసుకునేది అన్నయ్య కొడుకు. సెలవులొస్తే ఇద్దరూ మా అమ్మ దగ్గర ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి, ఒకరంటే ఒకరికి ఇష్టం. మా వదినకైతే మరీ ఇష్టం, తెలియని ఇంటినుంచి కోడల్ని తెచ్చుకునే బెంగ ఉండదని.

మామూలుగా అయితే నేను అప్పుడే చీరల లెక్క మొదలుపెట్టేదాన్ని. కానీ నోట మాట రాలేదు. "అక్క ఏమంది?" అన్నాను.

"ఏమీ అనలేదు. చిన్నోడి ఫొటో తీసి తుడుస్తూ కూర్చుంది."

ఆ ఫొటో సంగతి చెప్తేగానీ నేను ఇవాళ ఎందుకు రాస్తున్నానో మీకు తెలియదు. ఎప్పుడూ పచ్చళ్ళూ, పిల్లల పరీక్షలూ, అత్తగారి మోకాళ్ళ నొప్పులూ రాసుకునే నేను ఈసారి పరిశోధనకి డబ్బు గురించి రాయబోతున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివాక ఇది కూడా ఇంటి సంగతేనని మీరే ఒప్పుకుంటారు.

మా అక్కని మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చారు. నిన్నటిదాకా మామయ్యా అన్న మనిషిని బావా అనడం నాకు అలవాటు కాలేదు, ఇప్పటికీ మామయ్యనే అంటాను. బంగారంలాంటి మనిషి. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. మొదట ఆడపిల్ల, తర్వాత చిన్నోడు.

చిన్నోడు పుట్టినప్పటినుంచీ వయసుకి తగ్గ ఎత్తు లేడు. కుడిచేతి బొటనవేలు సన్నగా, పొట్టిగా, పక్కవేళ్ళకి సంబంధం లేనట్టుండేది. "ఏకలవ్యుడొచ్చాడ్రోయ్" అని ఆటపట్టించేవాళ్ళం. నేనూ అన్నాను. వాడు నవ్వుతూ ఆ చేత్తోనే బాణం వేసినట్టు చూపించేవాడు. వీపు మీద పాలెక్కువైన కాఫీ రంగులో రెండు మూడు మచ్చలుండేవి. అదృష్టం మచ్చలంది మా అమ్మమ్మ.

తొమ్మిదో ఏట ముఖం పాలిపోవడం మొదలైంది. చిన్న దెబ్బ తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది. రక్తం తక్కువన్నారు. టానిక్కులు తాగించాం. ఖర్జూరం, బెల్లం పెట్టిన వేరుశెనగ ఉండలు, మునగాకు పప్పు, బీట్‌రూట్ రసం, ఎవరేది చెబితే అది పెట్టాం. పదకొండో ఏట ఒక జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే బ్లడ్ క్యాన్సర్, లుకేమియా అన్నారు.

అప్పుడు చూడాలి మా ఊరిని. అమ్మ గాజులు తీసి ఇచ్చింది. అన్నయ్య అర ఎకరం అమ్మాడు. మామయ్య పాఠాలు చెప్పే బడిలో పిల్లలు ఐదూ పదీ వేసి ఒక డబ్బా నింపారు. ముఖం కూడా తెలియనివాళ్ళు రక్తం ఇవ్వడానికి బస్సెక్కి వచ్చారు. డబ్బుకి లోటు రాలేదు. మందు మొదలుపెట్టిన అయిదో వారంలో చిన్నోడు పోయాడు. అది 2009.

తర్వాత చాలా రోజులకి, మా బంధువొకాయన బలవంతం మీద, మామయ్య ఆ ఫైలు పట్టుకుని ఒక పెద్దవయసు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కాగితాలు తిరగేసి మూడు ప్రశ్నలడిగాడట. మీది మేనరికమా? బాబు బొటనవేలు ఎలా ఉండేది? ఒంటిమీద మచ్చలేమైనా ఉండేవా? మూడూ విన్నాక ఫైలు మూసి, "ఇది ఫాంకోనీ అనీమియా అయ్యుండొచ్చు. ముందే తెలిసుంటే అంత మోతాదు మందు ఇచ్చేవాళ్ళు కాదు," అన్నాడట.

నేను ఆ ఆసుపత్రిని తప్పుపట్టను. పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి ఎత్తుకు తిరిగిన పదిమందిమి చూసి కూడా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలని మాకెవరూ చెప్పలేదు. ఏకలవ్యుడని పేరు పెట్టగలిగాం గానీ, ఆ వేలు ఏం చెబుతోందో అడగలేకపోయాం.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా అనవసరంగా భయపడతారు. లుకేమియా అంతా వంశపారంపర్యంగా రాదు. ఎక్కువమందిలో అది పుట్టాక, బతుకుతుండగా కణాల్లో వచ్చే మార్పుల వల్ల వస్తుంది. కొద్దిమందిలో మాత్రం పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఆ జబ్బుకి తలుపు తీసి ఉంచుతుంది. అటువంటి లోపాల్లో ఒకటి ఫాంకోనీ అనీమియా.

నాకు అర్థమైనంతలో చెబుతాను. మన కణంలో ఉండే డీఎన్ఏ ఒక పొడవాటి జిప్పులాంటిది. కణం రెండుగా చీలాలంటే ఆ జిప్పు విప్పుకోవాలి. ఒక్కోసారి దాని రెండు వైపులా బంక పూసినట్టు అతుక్కుపోతాయి. అప్పుడు దాన్ని జాగ్రత్తగా విడదీసి, చిరిగినచోట కుట్టే దర్జీలు మన ఒంట్లోనే ఉంటారు. ఫాంకోనీ పిల్లల్లో ఆ దర్జీల్లో ఒకరు పని చెయ్యరు. దాంతో చిరుగులు అలాగే మిగిలిపోతాయి. రక్తం తయారుచేసే మూలుగ ముందుగా అలసిపోతుంది. రక్తం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. చిరుగులు పోగుపడి పోగుపడి కొందరిలో లుకేమియా అవుతుంది. లుకేమియాకి మామూలుగా ఇచ్చే మందుల్లో కొన్ని పనిచేసేదే కణాల డీఎన్ఏని దెబ్బతీసి. దర్జీ ఉన్న ఒళ్ళు తట్టుకుంటుంది. దర్జీ లేని ఒళ్ళు తట్టుకోలేదు. చిన్నోడి విషయంలో జరిగింది అదేనని ఇప్పుడు మాకు అర్థమవుతోంది.

ఈ లోపం తల్లి దగ్గర ఒక పాలు, తండ్రి దగ్గర ఒక పాలు ఉంటే, చాలావరకు వాళ్ళిద్దరికీ ఏమీ కాదు. రెండు పాళ్ళూ ఒకే బిడ్డకి చేరితేనే జబ్బు. ప్రతి కాన్పులోనూ అందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఇద్దరూ ఒకే ఇంటి రక్తమైతే ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరు దగ్గరి చుట్టాన్ని చేసుకున్నవాళ్ళే. కాబట్టి ఎక్కడో విదేశాల్లో వచ్చే అరుదైన జబ్బులే అని మనం పేపరు తిప్పేసే వీలు లేదు.

మరి అన్నయ్య ఫోన్ తర్వాత ఏం చేశామంటే, అక్కనీ మామయ్యనీ హైదరాబాద్‌లో ఒక జన్యువుల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. చిన్నోడు లేడు, వాడి రక్తమూ దాచలేదు. అయినా తల్లిదండ్రులిద్దరి రక్తం చూస్తే చాలావరకు తెలుస్తుందన్నారు. కొన్ని వారాలకి రిపోర్టు వచ్చింది. ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒకే మార్పు. ఫాంకోనీయే.

అక్కడున్న కౌన్సిలరమ్మాయి, మా పెద్దదాని వయసే ఉంటుంది, కాగితం మీద మా వంశవృక్షం గీసింది. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు. చిన్నోడి చదరం నల్లగా నింపి దానిమీద అడ్డంగా గీత పెట్టింది. అక్క ఆ గీత వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ అమ్మాయి లెక్క చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న మా పెద్దది ఆ లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. అక్కకి తోడబుట్టినవాడు గనక అన్నయ్యకి సగం, అతని కొడుక్కి నాలుగో వంతు. ఇద్దరూ మోస్తుంటే, కాన్పు కాన్పుకీ నాలుగో వంతు. అన్నీ కలిపి పరీక్ష చెయ్యకముందు లెక్క ఇరవైనాలుగింట ఒకటి. "ఇది భయపడటానికి కాదమ్మా. రక్తం ఇస్తే అసలు లెక్క ఉందో లేదో తేలిపోతుంది," అంది.

ఆ పరీక్షకి అయిన ఖర్చు, మా ఇళ్ళ పెళ్ళిళ్ళలో ఫొటోలవాళ్ళకీ వీడియోవాళ్ళకీ ఇచ్చేదానిలో చిన్న వంతు.

ఇంటికొచ్చి చాలా సేపు కుర్చీలో కూర్చుండిపోయాను. చిన్నోడికి మేమంతా కలిసి పోగుచేసిన లక్షలు చెయ్యలేని పని, ఇవాళ నాలుగు చుక్కల రక్తం చేసింది. మరి ఈ పరీక్ష ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు కనిపెట్టారు? దానికి డబ్బు ఎవరిచ్చారు? మనం ఇచ్చామా?

చదువుకుంటూ పోతే తెలిసిందేమిటంటే, 1927లో స్విట్జర్లాండ్‌లో గ్విడో ఫాంకోనీ అనే పిల్లల డాక్టరు ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకి ఇలా మూలుగ ఎండిపోవడం చూసి మొదటిసారి రాశాడు. ఆయన పేరే జబ్బుకి వచ్చింది. తర్వాత యాభై ఏళ్ళకి పైగా దీన్ని ఖాయంగా గుర్తుపట్టే దారి డాక్టర్లకి సరిగా దొరకలేదు. 1980ల మొదట్లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆర్లీన్ ఆవర్‌బాక్ అనే ఆవిడ, రక్తకణాలకి ఒక రసాయనం కలిపి క్రోమోజోములు విరుగుతున్నాయేమో చూసే పరీక్షని తీర్చిదిద్దింది. 1982లో ఈ జబ్బున్న కుటుంబాల వివరాలన్నీ ఒకచోట రాసే రిజిస్ట్రీ మొదలుపెట్టింది. మొదటి ఫాంకోనీ జన్యువు 1992లో దొరికింది. ఇప్పుడు ఇరవైకి పైగా తెలుసు. ఆ ఇరవైలో ఒకటి మా అక్క రిపోర్టులో ఉంది.

ఈ కథలో నన్ను ఆపేసింది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక తల్లీ తండ్రీ. డేవ్ ఫ్రాన్‌మేయర్, లిన్ ఫ్రాన్‌మేయర్. ఆయన ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా చేశాడు, తర్వాత ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. వాళ్ళకి ఇద్దరు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఆడపిల్లలు ముగ్గురికీ ఫాంకోనీయే. మొదట ఇలాంటి కుటుంబాలనన్నిటినీ వెతికి ఉత్తరాలతో కలిపారు. 1989లో పరిశోధనకే డబ్బిచ్చే ఒక నిధి పెట్టారు. కేటీ 1991లో పన్నెండేళ్ళకి పోయింది. కిర్‌స్టెన్ 1997లో ఇరవైనాలుగేళ్ళకి పోయింది. తండ్రి 2015లో పోయాడు. ఆఖరిది ఏమీ 2016లో ఇరవైతొమ్మిదేళ్ళకి పోయింది.

ఒక్కసారి ఆలోచించండి. పోగుచేసిన డబ్బు తమ ముగ్గురు పిల్లల్నీ నిలబెట్టలేదు. అయినా మొదటి బిడ్డ పోయాక ఆపలేదు, రెండో బిడ్డ పోయాకా ఆపలేదు. వాళ్ళు నిలబెట్టిన ఆ నిధి ఇవాళ్టికీ పరిశోధనలకి డబ్బిస్తోంది. ఈ జబ్బు గురించి ప్రపంచానికి ఇవాళ తెలిసినదాంట్లో ఆ తల్లిదండ్రుల పాలు ఉంది. ఎక్కడి ఆరెగాన్, ఎక్కడి మా ఊరు! అటువంటివాళ్ళు వేసిన దారి మీద నడిచే మా పెద్దది పరీక్షకి వెళ్ళింది. ఆ దారిలో ఒక్క రాయి కూడా మనం వెయ్యలేదు. నాకు సిగ్గనిపించింది.

ఇక్కడ మా ఆయన అడ్డొచ్చాడు. నేను రాసేవన్నీ మొదట ఆయనకి వినిపించడం అలవాటు. "లక్షమందిలో ఒక్కరికి వచ్చే జబ్బుకి పరిశోధనంటే ఎవరిస్తారు? జబ్బుతో మంచాన ఉన్న పిల్లలకి ముందు మందులియ్యాలి కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఈ ప్రశ్న మీలోనూ చాలామందికి వచ్చి ఉంటుంది.

మంచాన ఉన్న పిల్లకి ఇవ్వొద్దని నేను చచ్చినా అనను. మాకు ఊరంతా ఇచ్చింది, ఆ ఋణం తీరేది కాదు. కానీ కళ్ళముందు ఏడుస్తున్న తల్లి ఉంటే చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్తుంది. ఇంకా పుట్టని జబ్బుకి, ఇంకా ఏడవని తల్లికి ఇమ్మంటే వెళ్ళదు. అందుకే చికిత్సకి చందాలు దొరుకుతాయి, నివారణకి దొరకవు. మందుల కంపెనీలూ అంతే. కొద్దిమంది పిల్లలు, వాళ్ళని ఇరవై ముప్ఫయ్యేళ్ళు వెంబడించి చూడాల్సిన పని, చివరికి అమ్ముకోవడానికి ఏం దొరుకుతుందో తెలియదు. వ్యాపారం చేసేవాడు ఎందుకు పెడతాడు? ఎవరికీ లాభం లేని చోట అందరూ కలిసి పెట్టాలి. ఊరి చెరువుకి పూడిక తీసినట్టు.

ఇక అరుదైన జబ్బు అన్న మాట. 1988లో ప్యారిస్‌లో ఎలియాన్ గ్లక్‌మన్ అనే డాక్టరు, అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం అన్నకి ఎక్కించి మూలుగని తిరిగి నిలబెట్టింది. ప్రపంచంలో బొడ్డుతాడు రక్తంతో చేసిన మొదటి మార్పిడి అదే. ఆ అబ్బాయిది ఫాంకోనీ అనీమియా. తర్వాత ఆ పద్ధతి ఎన్నో రకాల రక్తవ్యాధులున్నవాళ్ళకి పనికొచ్చింది. 2002లో ఫాంకోనీ జన్యువుల్లో ఒకటి, ఆడవాళ్ళ రొమ్ము క్యాన్సర్‌కి సంబంధించిన బీఆర్‌సీఏ2 జన్యువేనని తేలింది. అంటే లక్షమందిలో ఒక్క పిల్ల కోసం తవ్విన బావిలో మనందరికీ నీళ్ళు పడ్డాయి. అది విన్నాక మా ఆయన మాట్లాడకుండా కాఫీ పెట్టుకోవడానికి లేచాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

పైగా పని అయిపోలేదు. మూలుగ మార్పిడి చేస్తే ఈ పిల్లలకి రక్తం బాగుపడుతుంది గానీ, పెద్దయ్యాక నోటిలో, గొంతులో వచ్చే క్యాన్సర్ల భయం పోదు. ఏ పిల్లకి ఎప్పుడు లుకేమియా వైపు తిరుగుతుందో ఏటేటా రక్తమూ మూలుగా చూస్తూ కనిపెట్టాలి. మార్పిడి మరీ తొందరగా చేస్తే ఒక ప్రమాదం, ఆలస్యంగా చేస్తే ఇంకో ప్రమాదం. 2011లో కేంబ్రిడ్జ్‌లో కె.జె. పటేల్ బృందం, మన ఒంట్లో మామూలుగా తయారయ్యే ఆల్డిహైడ్లనే పదార్థాలే ఆ డీఎన్ఏని దెబ్బతీస్తున్నాయని ఎలుకల్లో చూపించింది. వాటిని తగ్గించగలిగితే జబ్బునే వెనక్కి నెట్టొచ్చేమో అన్న ఆశ అక్కడ పుట్టింది. ఆశ మందు అవ్వాలంటే ఏళ్ళు పడుతుంది, డబ్బు పడుతుంది.

ఫాంకోనీ ఒక్కటే కాదు. రన్‌ఎక్స్1 అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో ప్లేట్‌లెట్లు తక్కువుంటాయి, లుకేమియా అవకాశం ఎక్కువుంటుంది. అది 1999లో తేలింది. దీనికి మేనరికంతో పనిలేదు, తల్లి దగ్గరగానీ తండ్రి దగ్గరగానీ ఒక్క పాలు వచ్చినా చాలు. అటువంటి కుటుంబాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2019నుంచీ ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తోంది. జబ్బు వచ్చాక కాదు, రాకముందునుంచే. నాకు కావలసింది సరిగ్గా అదే. మన ఇళ్ళల్లో కూడా.

మన దగ్గర ఏమీ లేదనడం అన్యాయం. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది, నిమ్స్‌లో జన్యువుల విభాగం ఉంది. 2021లో కేంద్రం అరుదైన జబ్బుల విధానం తెచ్చింది. మూలుగ మార్పిడితో బాగయ్యే జబ్బుల జాబితాలో ఫాంకోనీ పేరు అందులో ఉంది. గుర్తించిన ఆసుపత్రుల్లో చికిత్సకి 50 లక్షల వరకు సాయం ఇస్తామన్నారు, నిమ్స్‌నీ సీడీఎఫ్‌డీనీ కలిపి అలాంటి ఒక కేంద్రంగా పెట్టారు. చాలా సంతోషం. ఆ విధానంలో నివారణ గురించీ పరిశోధన గురించీ మాటలున్నాయి కూడా. కానీ మన నోళ్ళలో నలిగేది ఆ 50 లక్షలే. మన దేశం అన్ని రకాల పరిశోధనల మీదా కలిపి పెట్టే ఖర్చే జాతీయాదాయంలో 0.64 శాతం. నూరు రూపాయల్లో ముప్పావలా కూడా కాదు. అందులో అన్నీ ఉన్నాయి, రాకెట్లతో సహా. మేనరికాలు ఇంత ఉన్న నేల మీద, మన కుటుంబాల్లో తిరిగే లోపాలేవో మనమే వెతుక్కోవాలి. ఆరెగాన్‌వాళ్ళు మన వంశవృక్షాలు గీయరు.

ఇక అన్నిటికంటే నన్ను భయపెట్టే సంగతి ఒకటుంది. ఇదంతా తెలిస్తే ముందు నష్టపోయేది ఆడపిల్ల. "ఆ ఇంటి పిల్లట, ఏదో లోపం ఉందట" అన్న మాట ఒక్కటి చాలు. మా వదిన మంచిది, అయినా రిపోర్టు మాట వినగానే ఆవిడ ముఖంలో ఒక నీడ కదిలింది. నేను చూశాను. మూడింట రెండు వంతుల లెక్క ఆడపిల్లదీ, నాలుగో వంతు మగపిల్లాడిదీ అయ్యేసరికి, తప్పంతా అక్కవైపు నుంచే వచ్చినట్టు మాటలు నడిచాయి. నేనే ఆ కాగితం తీసి వదిన ముందు పెట్టి, ఈ లోపం మా తాతమ్మల కాలంనుంచి మా అమ్మ గుండా మా ముగ్గురి వైపూ ప్రవహించిందనీ, నా ఒంట్లోనూ ఉండటానికి సగం అవకాశం ఉందనీ, అన్నయ్యకీ అంతేననీ చూపించాను. ఎవరి తప్పూ కాదు. మనందరి ఒంట్లోనూ ఇలాంటి లోపాలు కొన్ని నిద్రపోతూ ఉంటాయట. వదినవాళ్ళ పుట్టింటివాళ్ళకీ ఉంటాయి, మా ఆయనకీ ఉంటాయి.

అందుకే నివారణకి డబ్బంటే ఒక్క లేబరేటరీకే కాదు నేననేది. ఆ వంశవృక్షం గీసిన అమ్మాయిలాంటి కౌన్సిలర్లు జిల్లాకొకరు కావాలి. తెలుగులో, మనకి అర్థమయ్యేట్టు, పరువు పోకుండా, అత్తాకోడళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పగలిగేవాళ్ళు కావాలి. బొటనవేలు చూడగానే మేనరికమా అని అడిగే పిల్లల డాక్టర్లు మండలానికొకరు కావాలి. సమాచారం బయటికి పొక్కకుండా దాచే కట్టుదిట్టం కావాలి. లేకపోతే పరిశోధన వల్ల జబ్బు ఆగదు, పెళ్ళిళ్ళే ఆగుతాయి.

మనమేం చెయ్యగలం అంటారా? మొన్న అక్కా నేనూ వాళ్ళింట్లో రశీదుల డబ్బా తిరగేశాం. పదిహేనేళ్ళ పైబడి దాచినవి. గుడికి ఇచ్చినవి, చిన్నోడి సంవత్సరీకం రోజున అనాథాశ్రమంలో భోజనాలకి కట్టినవి, ఎవరెవరి ఆపరేషన్లకో ఇచ్చినవి. పరిశోధనకని ఇచ్చిన రశీదు ఒక్కటీ లేదు. మా ఇంట్లోనూ లేదు. మీ ఇంట్లో వెతికి చూడండి.

నేననేది ఇదే. ఏడాదికి మీరు ఇచ్చే దానాల్లో పదో వంతు నివారణ కోసం, పరిశోధన కోసం పక్కన పెట్టండి. మీకు నమ్మకమున్న ప్రభుత్వ పరిశోధనాలయాన్నో, ఆసుపత్రిలో జన్యువుల విభాగాన్నో మీరే వెళ్ళి అడగండి, మా డబ్బు దేనికి వాడతారని. మీవాళ్ళు కంపెనీల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉంటే, లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకి పెట్టాలన్న చట్టం ఉంది కదా, అందులో ప్రభుత్వ సంస్థల పరిశోధనకి ఇవ్వడానికీ వీలుందని గుర్తుచెయ్యండి. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని ఆసుపత్రి ఎప్పుడు కడతారని అడుగుతాం. జబ్బే రాకుండా ఏం చేస్తున్నారని కూడా అడుగుదాం. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఊళ్ళో గుడికీ బడికీ పంపుతున్నారు. సంతోషమే. ఇదీ వాళ్ళ చెవిన వెయ్యండి.

ఇంతకీ పెళ్ళి ఏమైందని అడుగుతారు, నాకు తెలుసు. పిల్లలిద్దరూ రక్తం ఇచ్చారు. ఫలితాలు వచ్చాయి. వాటిలో ఏముందో ఇక్కడ రాయను. అవి వాళ్ళ సొంతం, వాళ్ళే చూసుకుని, వాళ్ళే మాట్లాడుకుని, వాళ్ళే మాకు చెప్పిన నిర్ణయానికి మేమందరం సరేనన్నాం. ఏ నిర్ణయమైనా కళ్ళు తెరుచుకుని తీసుకున్నారు. మా అక్కకీ మామయ్యకీ ఆ అవకాశం లేదు.

ఈ ఏడు చిన్నోడి సంవత్సరీకానికి ఎప్పటిలాగే ఆశ్రమంలో భోజనాలు పెట్టిస్తామంది అక్క. కాసేపాగి, "సగం మందికే పెట్టిద్దాం. మిగతా సగం ఎక్కడ కట్టాలో కనుక్కో," అంది. ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగాను. వివరాలు పంపిస్తామన్నారు. రశీదు కూడా ఇస్తారట.